సూదులకు పథ్యం

మా పాళెంలో ఏ మందుకైనా పథ్యం ఉండాలి. పథ్యం చెప్పని వైద్యుణ్ని ఎవరూ నమ్మరు. పచ్చకామెర్లకు పసరు తాగితే నూనె, పులుపు మానాలి. తేలు కుడితే వంకాయ మానాలి. ఎముకకు కట్టు కట్టించుకున్నవాళ్లు ఏం మానాలని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు. అన్నీ కలిపి మానేస్తే చివరికి మజ్జిగన్నం మిగులుతుంది. వీటన్నిటికీ ఉమ్మడిగా ఒక షరతుంది. నాటు మందు నడుస్తున్నన్నాళ్లూ ఇంగ్లీషు మందు ముట్టకూడదు. రెండూ ఒంట్లో కొట్టుకుంటాయట.

నేను నెల్లూరులో బీయస్సీ చదివి, వాకాడు దగ్గర సముద్రం ఒడ్డునున్న ఈ పాళేనికి కోడలిగా వచ్చాను. పథ్యాల మీద నాకు పెద్ద గౌరవం లేదు. అయినా మా అత్త మాలకొండమ్మ ఎవరికి ఏ పథ్యం పెట్టినా వండి వడ్డించేది నేనే. కాబట్టి ఈ ఇంట్లో నాకు తెలియకుండా పథ్యం నడవడం అసాధ్యమని అనుకునేదాన్ని.

మా మామ ముత్యాలయ్యకు నిరుడు వేసవిలో గుండెపోటు వచ్చింది. చేపల వేట నిషేధం రోజులు కావడంతో బోటు ఒడ్డునే ఉంది. ఆయన దాని నీడన కూర్చుని వల బాగుచేసుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. అదే సముద్రం మీద ఉండగా వచ్చుంటే మాకు మనిషి దక్కేవాడు కాదు. నెల్లూరు తీసుకుపోతే రక్తనాళంలో స్టెంటు వేసి, బరువు పనులు వద్దు, వల లాగడం అసలే వద్దు అని చెప్పి పంపారు. ఆ సీజను నుంచి మా ఆయన పెంచలే బోటు తీసుకుని పోతున్నాడు.

ఇంటికొచ్చిన మనిషి మా మామలాగా లేడు. ఆయన గొంతు ఇంజను చప్పుడు మీద కూడా వినబడే గొంతు. పక్క గదిలో ఉన్న నన్ను మంచినీళ్లు అడిగితే ఎదురింటివాళ్లు తెచ్చిచ్చేవాళ్లు. అలాంటివాడు మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని రోజంతా ఒక్క మాట మాట్లాడకుండా గడపడం మొదలుపెట్టాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. బోట్లు ఒడ్డుకొచ్చే వేళకు ఊరంతా ఇసుక మీద ఉంటే ఈయన ఇంట్లో ఉండేవాడు. చూడ్డానికి వచ్చిన తోటివాళ్లను చూసి కళ్లు మూసుకునేవాడు.

గుండె డాక్టరుకు చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. గుండెజబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి ఇలా అవుతుందనీ, దీన్ని డిప్రెషన్ అంటారనీ, ఇది మొండితనమూ కాదు, ముసలితనమూ కాదు, ఇది కూడా ఒక జబ్బేననీ చెప్పాడు. మనసు కుంగితే గుండె కోలుకోవడం ఆలస్యమవుతుందన్నాడు. ఇంకో మాత్ర కలిపాడు. దానితో కాస్త నిద్ర పట్టింది కానీ గొంతు రాలేదు.

నెల్లూరులో సాయిలక్ష్మి అనే డాక్టరమ్మ సన్నటి సూదులు గుచ్చి దిగులుకు వైద్యం చేస్తుందని మా ఆయన ఎక్కడో విని వచ్చాడు. ముందు గుండె డాక్టరును అడుగుదామన్నాను. అడిగాం. గుండె మందులకు బదులుగా అయితే వద్దే వద్దన్నాడు. మందులు వాడుకుంటూ దానితో పాటు అయితే చేయించుకోండి, కొందరికి మేలు చేస్తోందని చెబుతున్నారు, అందరికీ చేస్తుందని నేను మాటివ్వలేను, రక్తం పలచన చేసే మాత్ర వాడుతున్నట్టు మాత్రం ఆమెకు ముందే చెప్పండి అన్నాడు. వెళ్లిన మొదటిరోజే నేను సాయిలక్ష్మిగారికి చెప్పాను. ఆమె మామ మందులన్నీ చూసి, సూది తీసినచోట ఒకటి రెండు రక్తపు చుక్కలు రావచ్చు, భయపడొద్దు, నేను దూదితో కాసేపు ఎక్కువ అదిమిపెడతాను అంది.

ఆమె ఆసుపత్రి అంటే ఒక మేడమీది గది, అందులో రెండు మంచాలు, మధ్యలో ఒక ఆకుపచ్చ తెరగుడ్డ. సూదులు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. మణికట్టు దగ్గర కొన్ని, మోకాలి కింద కొన్ని, నడినెత్తిన ఒకటి. అవి పెట్టాక అరగంట కదలకుండా పడుకోవాలి. మా మామకు అది కొత్తేం కాదు, ఇంట్లో చేసేదీ అదే. మొదటి వారాలు సూదులు పెట్టించుకుని, తీయించుకుని, అలాగే మౌనంగా బస్సెక్కేవాడు. నేను బల్ల మీద కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని.

తెర అవతలి మంచం హజరత్తయ్యగారిది. ఆయన బుచ్చిరెడ్డిపాలెం రైతు. ఆయనకూ గుండెజబ్బే. పొలం కౌలుకిచ్చి ఇంట్లో కూర్చున్నాక దిగులు పట్టుకుందట. అయితే మామకు దిగులు నోరు మూయిస్తే ఆయనకు నోరు తెరిపించింది. సూదులు పెట్టగానే పైకప్పుకేసి చూస్తూ వరి కష్టాలు మొదలుపెట్టేవాడు. కాలవ నీళ్లు, కోత మిషన్లు, దోమపోటు. ఎవరూ ఊ కొట్టకపోయినా ఆయనకు పట్టింపు లేదు. ఒకనాడు అలాగే చెప్పుకుపోతూ, ఈ భూమ్మీద వరి పండించేవాడంత దౌర్భాగ్యుడు ఇంకొకడు లేడని ముగించాడు.

తెరకు ఇవతల నుంచి మా మామ గొంతు వచ్చింది.

"మీ చేను సాయంత్రం యాడ ఇడిసిపెట్టి పోతే పొద్దన్నే ఆడే ఉంటది గదన్నా. ఇంకేంది మీకు బాధ?"

నా చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. తెర అవతల హజరత్తయ్యగారు నవ్వడం మొదలుపెట్టాడు. మంచం కిర్రుమనేటంత నవ్వు. సాయిలక్ష్మిగారు పరిగెత్తుకొచ్చి, సూదులున్నాయి, కదలొద్దని కోప్పడాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి ఇద్దరికీ ఒకటే వాదులాట. చేపకు కాపలా అక్కర్లేదని ఆయన, వరికి ఈత రానక్కర్లేదని ఈయన. ఒకరి మొహం ఒకరికి కనబడదు. ఒంటినిండా సూదులతో కోపమొచ్చినా లేచిపోవడానికి లేదు. అరగంట అయ్యేసరికి ఎవరి మాట వాళ్లదే నెగ్గినట్టు దిగేవాళ్లు. తిరుగు బస్సులో మామ కిటికీలోంచి చూస్తూ, ఆ బుచ్చాయనకి సముద్రమంటే ఏందో తెలవదు మే, అన్నాడు నాతో. ఆ వారమే ఇంట్లో కూర్చుని మంచినీళ్లకు కేకేశాడు. ఎదురింటావిడ చెంబుతో బయటికొచ్చి, మా అత్తను చూసి, ఇద్దరూ చెరో వాకిట్లో నిలబడి కళ్లు తుడుచుకున్నారు. తర్వాత బోట్లొచ్చే వేళకు ఇసుక మీదికి కూడా నడిచాడు.

ఇందులో సూదుల పని ఎంతో, డాక్టరు కలిపిన మాత్ర పని ఎంతో, హజరత్తయ్యగారి పని ఎంతో నేను చెప్పలేను. మా అత్తకు మాత్రం ఏ అనుమానమూ లేదు. సూదులు పట్టినాయి అని పాళెమంతా చెప్పింది.

మామ తెల్లచొక్కాలే తొడుగుతాడు. సూదులకు పోయొచ్చిన రోజు చేతుల దగ్గర చిన్న చిన్న గోధుమరంగు చుక్కలుండేవి. వాటిని ఉప్పేసిన చన్నీళ్లలో నానబెట్టి పోగొట్టడం నా పని. ఒకరోజు బట్టలు తడుపుతూ ఉప్పుడబ్బా తెచ్చుకున్నాను, తీరా చూస్తే చొక్కా మీద చుక్క లేదు. కిందటిసారి కూడా లేదని గుర్తొచ్చింది. డాక్టరమ్మ చేయి తిరిగిందిలే అనుకున్నాను. కానీ ఆమె చేయి మొదటినుంచీ తిరిగిన చేయే. మామ ముంజేతుల మీద ఎప్పుడూ కనబడే నీలపు మచ్చలు కూడా మాయమయ్యాయి. తడి చేతులతోనే లోపలికి పోయి మందుల డబ్బా తెరిచాను. రక్తం పలచన చేసే గులాబీరంగు మాత్రల అట్ట ఒక్క మాత్ర కూడా తీయకుండా ఉంది. దాని కింద ఇంకొకటి, అదీ అంతే.

మందులిచ్చేది మా అత్త. పెరట్లో రొయ్యలు ఒలుస్తోంది. ఆ మాత్ర ఇవ్వడం లేదా అని అడిగాను.

"ల్యా," అంది తలెత్తకుండా.

"ఎప్పట్నించి అత్తా?"

"ఆయన నోరు తెరిచిన కాడ్నించి. సూదిపోటుకి పత్యం ఉండొద్దా?"

ఆమె లెక్క ఆమెకు స్పష్టంగా ఉంది. సూది ఒంట్లోకి బలం ఎక్కిస్తుంది. అదే బెజ్జంలోంచి రక్తం చుక్క బయటికొస్తే దాంతోపాటు బలమూ కారిపోతుంది. చుక్క రావడానికి కారణం ఆ గులాబీ మాత్ర అని డాక్టరమ్మే చెప్పింది కదా. అందుకని అదొక్కటి ఆపింది. మిగతావన్నీ వేళకు ఇస్తోంది. నేను చదువుకున్నదాన్ని, చెబితే ఒప్పుకోనని చెప్పలేదు.

ఆ మాత్ర దేనికో కూర్చుని చెప్పాను. రక్తనాళంలో పెట్టిన స్టెంటు దగ్గర రక్తం గడ్డకడితే మళ్లీ గుండెపోటేననీ, ఈసారి దక్కకపోవచ్చుననీ. అత్త చేతిలో రొయ్య గిన్నెలోకి జారిపోయింది.

"అట్టాగని ఆయనకి చెప్తావా ఇప్పుడు?" అంది. "సూదుల మీద నమ్మకంతో లేచినాడు. అదంతా వుత్తదే, సచ్చిపొయ్యుండేవోడివి అంటే మళ్లీ గోడకి తిరగడా? నువ్వు చూసినావు గదమ్మా."

చూశాను. అందుకే ఆమె మీద కోపం తెచ్చుకోలేకపోయాను. ఏమీ చెప్పకుండా మాత్ర ఇద్దామని ఆ సాయంత్రం నేనే నీళ్లతో తీసుకెళ్లాను. మామ దాన్ని గుర్తుపట్టి, సూదులున్నన్నాళ్లు ఇది పనికిరాదు, మీ అత్తనడుగు అని మాత్రను పక్కన పెట్టేశాడు. పథ్యం ఇద్దరూ కలిసే చేస్తున్నారన్నమాట. అన్నంలో నూరి కలపడం నావల్ల కాదు. గుండె ఆసుపత్రికి ఫోన్ చేస్తే, రేపే తీసుకురండి, ఆలస్యం చేయొద్దు, డాక్టరుగారు మధ్యాహ్నం ఉంటారు అన్నారు. మర్నాడు పొద్దున సూదుల రోజు కూడా. మామ ఇప్పుడు మాట వినేది సాయిలక్ష్మిగారిదే. పథ్యం అనే మాటతో ఆగిన మాత్రను అదే మాటతో వేయించవచ్చు కదా అనుకున్నాను.

నెల్లూరు చేరాక మామను మంచం మీద పడుకోబెట్టి, సాయిలక్ష్మిగారిని పక్కకు పిలిచి జరిగిందంతా చెప్పాను. గులాబీ మాత్ర తప్పకుండా వేసుకోవడమే ఈ సూదులకు పథ్యమని మీరు ఒక్క మాట అనండి, ఎదురు చెప్పకుండా వేసుకుంటాడు అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"లేని పత్యం నేను పెట్టను స్వర్ణగారూ. ఈ రోజు నా మాటకి వేసుకుంటాడు. రేపు ఇంకెవరో ఇంకో పత్యం చెప్తే మానేస్తాడు."

"మళ్లీ మాట్లాడకపోతే?"

"అది నాకూ భయమే," అంది ఆమె. "అయినా నిజమే చెప్తా."

స్టూలు లాక్కుని మామ పక్కన కూర్చుంది. సూదుల పెట్టె తెరవలేదు.

"అయ్యా, నా సూదులకి పత్యం లేదు. మీ గుండెకి మందు ఆ డాక్టరు ఇచ్చేదే. నేను చేసేది మీ నిద్రకి, దిగులుకి ఒక ఆసరా, అంతకు మించి కాదు. ఆ మాత్ర మానినందుకు మీ ప్రాణం మీదికి వచ్చుండేది. ముందు ఆయనకి చూపించుకుని రండి. ఈ రోజు మీకు సూది పెట్టను."

మామ ఆమె మొహంలోకి చూశాడు. నా మొహంలోకి చూశాడు. తర్వాత మెల్లగా గోడవైపుకు తిరిగాడు.

తెర అవతల నుంచి హజరత్తయ్యగారు ఊరుకోలేదు. "ఏందన్నా ముత్యాలయ్యా, పత్యం లేదంటే మందు మీద మోజు పోయిందా? మా ఇంటామె నాకు దవడ పట్టకోని మాత్ర ఏసద్ది, ఎద్దుకి ఏసినట్టు. నేను మింగటంల్యా?"

ఆయన ఇంకో రెండు మాటలు విసిరి చూశాడు. మామ లేచి, చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుని, మెట్లు దిగిపోయాడు.

గుండె ఆసుపత్రిలో ఇ.సి.జి. తీశారు, రక్తపరీక్ష చేశారు. అదృష్టం బాగుండి ఏ నష్టమూ జరగలేదు. డాక్టరు మామను, నన్ను సమానంగా కోప్పడి, ఇలా మానడం మంచి ఈతగాణ్ని కాళ్లు కట్టేసి నీళ్లలోకి దింపడంలాంటిదన్నాడు. మామ నర్సు ముందే మాత్ర వేసుకుని నీళ్లు తాగాడు. అడిగినదానికల్లా తల ఊపాడు. నోరు మాత్రం విప్పలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. గూడూరు దాకా పొలాలు పోతున్నాయి, ఆయన వాటిని చూస్తున్నట్టు కూడా లేడు. నేను మాట కలపబోయి మానుకున్నాను. ఇంటి దగ్గర అత్తకు ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాను. మనిషిని కాపాడి తెచ్చానని చెప్పాలి, ఆయన మళ్లీ ఎప్పటికి మాట్లాడతాడో తెలియదని కూడా చెప్పాలి. రెండోది నా నోటితో చెప్పాలంటే మనసు రావడం లేదు.

గూడూరులో దిగి వాకాడు బస్సెక్కాం. బస్సు కదిలింది.

"మే స్వర్ణా."

ఉలిక్కిపడి చూశాను.

"ఏమని చెప్పమన్న్యావు ఆ డాక్టరమ్మతో? పత్యం అని చెప్పమంటివా?"

"వినబడిందా మామా?"

"గుడ్డ కట్టినంత మాత్రాన గోడ అయిపోద్దా? బుచ్చాయనకి గూడా వినబడింది. నేనేమన్నా పాలు తాగే బిడ్డనా, చందమామ అని చెప్పి ముద్ద పెట్టడానికి?"

నేను మాట్లాడితే ఆపేస్తాడేమోనని భయం. ఆయన ఆపే స్థితిలో లేడు. స్టెంటు అంటారు, పలచన అంటారు, ఎవురన్నా తెలిసేట్టు చెప్పినారా నాకు, అన్నాడు. డీజలు పైపులో నలక అడ్డం పడితే ఇంజను నడిసముద్రంలో ఆగిపోద్ది, ఆ నలక పడకుండా ఈ మాత్ర అని ఒక్క ముక్క అంటే సరిపోయె గదా అన్నాడు. ఇంత చదువూ చదివి ఆ ముక్క నాకెందుకు తోచలేదని అడిగాడు.

"నువ్వు అప్పుడు అడగలేదు గదా మామా," అన్నాను.

"అప్పుడు నాకు నోరుందా అడగడానికి?"

ముందుసీటు కమ్మీని గట్టిగా పట్టుకుని మళ్లీ అందుకున్నాడు. ఈసారి మా అత్త వంతు. ఆమె పథ్యాల శాస్త్రం వల్ల మా వంశంలో ఎవరెవరు ఏమేం తినకుండా పోయారో చెప్పాడు. అక్కడినుంచి మా ఆయన దగ్గరికి వచ్చాడు. పెంచలు బోటుకు నూనె మార్చడం లేదు, గాలి తిరిగే వేళకు ఒడ్డుకు రావడం లేదు, ఇవన్నీ గోడకు తిరిగి కూర్చున్న రోజుల్లో కూడా ఆయనకు తెలుస్తూనే ఉన్నాయట. చెప్పడానికే మనసు రాలేదట. కోట దాటేసరికి బస్సులో సగంమంది మావైపు తిరిగారు. ముందుసీటు ఆయన, మెల్లిగా పెద్దాయనా, ఆడకూతురు బాధపడద్ది, అన్నాడు.

"నా కోడల్ని నేను తిట్టుకుంటా ఉండా. నీకేందబ్బయా?"

ముందుసీటు ఆయన నావైపు జాలిగా చూశాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంటే ఏడుస్తున్నానని అనుకుని ఉంటాడు.

వాకాడులో ఆటో ఎక్కాం. ఆటోలోనూ నడిచింది. బేస్తవారం మళ్లీ నెల్లూరు పోవాలన్నాడు. పత్యం లేని వైద్యానికి ఎందుకు మామా అన్నాను, నోరు జారి. ఎద్దుతో పోల్చినాడు ఆ బుచ్చాయన, జవాబు చెప్పకుండా వచ్చేసినా, అరగంట కదలకుండా పడుకోబెట్టి చెప్పాల ఆయనకి, అన్నాడు.

ఆటో మా వీధి మలుపు తిరిగేటప్పటికే ఆ గొంతు ఇంటిదాకా వెళ్లి ఉంటుంది. మా అత్త పొద్దుటినుంచి అక్కడే ఉన్నట్టు గుమ్మంలో నిలబడి ఉంది. మేమింకా దిగకముందే ఆమె మొహం తేటపడింది.

"మే మాలకొండా," అన్నాడు మామ ఒక కాలు ఇంకా ఆటోలో ఉండగానే. "ఆ మాత్రల డబ్బా ఎత్తకరా. ఇంక నా కాడే ఉంటది. ముందు అది ఇయ్యి, ఆనక నీ కత చెప్తా."

ఆయన తిడుతుంటే అత్త కాసేపు అలాగే నిలబడి విని, తర్వాత డబ్బా కోసం లోపలికి వెళ్లింది. తొందరేమీ పడలేదు.